జోకొట్టే చెయ్యి

కొండను తవ్వి ఎలుకను పట్టడం పాత సామెత. ఎలుకను పట్టుకుని కొండను తవ్వడం ముదిగొండ శంభులింగం తెచ్చిన కొత్త పద్ధతి. ఇక్కడ ఎలుకంటే కంప్యూటరు బల్ల మీద తిరిగే మౌసు. కొండంటే మరీ కొండ కాదు, మూసీ ఒడ్డున కంచరకుంట అనే ఊరి పక్కన మూడు వేల ఏళ్లుగా పడి ఉన్న పాటిగడ్డ. ఒక ఊరు కూలి, దాని మీద ఇంకో ఊరు లేచి, అదీ కూలి, బూడిదా పెంకులూ కలిసి దిబ్బ కట్టిన చోటును అక్కడివాళ్లు పాటిగడ్డ అంటారు.

శంభులింగం పురావస్తు ప్రొఫెసరు. వయసు యాభై ఎనిమిది. గొంతు మాత్రం ఏ తవ్వకంలోనూ పాడుకానిది. విశ్వవిద్యాలయంలో మూడో అంతస్తు నుంచి పలకరిస్తే కింద స్కూటరు స్టాండులో ఉన్నవాళ్లు నమస్కారం పెట్టేవారు. "పాతవన్నీ పాతిపెట్టిన చోట పాతుకుపోయినవాణ్ని" అని తనను తాను పరిచయం చేసుకునేవాడు. ఎవరూ నవ్వకపోతే తానే నవ్వి, ఆ లోటు కూడా పూడ్చేవాడు.

కంచరకుంట పాటిగడ్డను ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా తవ్విస్తున్నాడు. తవ్వించింది ఆయనే గానీ తవ్వింది గుర్రం ఎల్లమంద. ఎల్లమంద కంచరకుంట వాడే. తాపీ చేతపట్టి, దాని పేరుకు తగ్గట్టే తాపీగా తవ్వేవాడు. పాత ఇంటి మట్టినేల బయటపడగానే శంభులింగం గట్టు మీద గొడుగు కింద నిలబడి, "ఏమంటది ఎల్లమందా?" అని అడిగేవాడు. ఎల్లమంద తాపీ పిడితో నేలను అడుగడుక్కీ తట్టి, చెవి ఒగ్గి విని, "ఈడ కొయ్యొచ్చు సార్" అనో, "ఈడ వద్దు, కింద ఏం లేదు" అనో చెప్పేవాడు. నేలంతా పెకలించకుండా కొన్ని చోట్లే కోసి కిందికి చూడటం తవ్వకాల వాళ్ల ఆనవాయితీ. ఆ కొన్ని చోట్లు ఏవన్నది కంచరకుంటలో ఎల్లమంద చెయ్యే తేల్చేది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ చెయ్యి ఒక్క కుండను పగలగొట్టలేదు. "అందరికీ తెలివి తలలో ఉంటుంది, మా ఎల్లమందకు మణికట్టులో ఉంటుంది" అని శంభులింగం సభల్లో చెప్పేవాడు. చప్పట్లు పడేవి. ఎల్లమంద ఆ సభలకు ఎప్పుడూ రాలేదు.

ఆ చెయ్యి చెప్పినదాన్ని పట్టుకునే శంభులింగం తన పెద్ద పుస్తకం రాశాడు. ఆ కాలపు ఊళ్లను ఎక్కడ తవ్వినా ఇంటి నేల కింద, పొయ్యి పక్కన, చిన్న కుండల్లో పసిపిల్లల ఎముకలు దొరికేవి. కంచరకుంటలో పదిహేడు ఇళ్లు తవ్వితే అలాంటి కుండ ఒక్కటీ దొరకలేదు. అంటే ఇక్కడి పిల్లలు బతికారన్నమాట. మంచి నీళ్లు, మంచి తిండి, చెయ్యి తిరిగిన మంత్రసానులు ఉండి ఉంటారన్నమాట. 'పిల్లలు చావని ఊరు' అని పుస్తకానికి పేరు పెట్టాడు. ఆ పేరు ఎనిమిదో తరగతి పాఠంలోకి ఎక్కింది. అక్కణ్నుంచి ఊరి మొగదల బోర్డు మీదికి ఎక్కింది. పక్కనే టీకాల వాళ్లు తమ బొమ్మ కూడా వేసుకున్నారు. మూడు వేల ఏళ్ల కిందట టీకాలెక్కడివని ఎవరూ అడగలేదు. బోర్డును ప్రశ్నలడిగే అలవాటు మనకు లేదు.

ఎల్లమంద మోకాళ్లు అరిగిపోయాయి. ఇంకో రెండు సీజన్లకు మించి గుంతలోకి దిగలేనని తేలిన ఏడాది నస్రీన్ వచ్చింది. కదిలే బొమ్మలతో వెబ్ పేజీలు కట్టే పిల్ల, ఇరవై తొమ్మిదేళ్లది, మాటలు తక్కువ. ఆమె వెంట్రుకంత సన్నటి తీగలల్లిన చేతొడుగులు తెచ్చి ఎల్లమందకు తొడిగింది.

"ఏంది బిడ్డా, ముసలోన్ని పెండ్లికొడుకును జేస్తున్నవా?" అన్నాడు ఎల్లమంద.

"నీ చెయ్యి దాచిపెడుతున్న, కాకా" అంది నస్రీన్.

రెండు సీజన్లు ఆ తొడుగులతోనే తవ్వాడు. ఏ మట్టి మీద ఎంత ఒత్తాడు, ఏ రంగు దగ్గర ఆగాడు, ఎక్కడ తట్టాడు, తట్టి ఎటు తిరిగాడు, అన్నీ తీగల్లో పడ్డాయి. పైనుంచి కెమెరా చూసింది. నేల కిందికి చూసే రాడారు బండిని గడ్డంతా తిప్పారు. వీటన్నిటినీ కలిపి నస్రీన్ ఒక పేజీ కట్టింది. ఏ బడిలోనైనా, ఏ పిల్లయినా ఆ పేజీ తెరిచి మౌసు లాగితే తెర మీద పాటిగడ్డ పొరపొరగా ఊడివస్తుంది. బంకమట్టిలో మౌసు బరువెక్కి మొరాయిస్తుంది, బూడిదలో దూదిలా పోతుంది. కుండ అంచు తగలబోతే తెర మీది చెయ్యి తనంతట తానే మెల్లబడుతుంది. లాగేది పిల్లల వేలు, నడిపేది ఎల్లమంద మణికట్టు.

"మంచానికి నాలుగు కోళ్లుంటే చాలు. నీ పేజీకి నాలుగు లక్షల కోడ్లెందుకమ్మా?" అని శంభులింగం ఆమెను ఆటపట్టించేవాడు. నస్రీన్ నవ్వేది కాదు. ఆయన పేజీకి 'చేతివాటం' అని పేరు పెడదామన్నాడు. సర్కారు పథకానికి ఆ పేరు పెడితే జనం నిజమేననుకుంటారని పై అధికారులు ఒప్పుకోలేదు. చివరికి 'తవ్వి చూడు' ఖాయమైంది.

పేజీ పదకొండు వేల బడులకు పాకింది. చరిత్ర టీచర్లకంటే ముందు లెక్కల టీచర్లు దాన్ని ఎత్తుకుపోయారు, గుంతల ఘనపరిమాణం చెప్పడానికి. అదే పద్ధతిలో కుమ్మరి సారె పేజీ, మగ్గం పేజీ, నర్సింగు పిల్లలకు మంత్రసాని చెయ్యి పేజీ తయారవుతున్నాయి. 'తవ్వి చూడు'లో నాలుగు అధ్యాయాలు అయిపోయాయి. అయిదోది వచ్చే సోమవారం విడుదల. దాని పేరు 'పిల్లలు చావని ఊరు'.

గురువారం పొద్దున పెసరట్టు ముందు ఆ పేరుకు మొదటి దెబ్బ తగిలింది. శంభులింగం భార్య ఇందుమతి సర్కారు బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతుంది.

"ఏమండీ, మీ చెయ్యికి ఏదో అయింది" అంది.

శంభులింగం తన చెయ్యి చూసుకున్నాడు. అది అట్టు తుంచుతోంది, దానికేమీ కాలేదు.

"మీది కాదు. పేజీల చెయ్యి. ఏడో ఇంట్ల పొయ్యి పక్కన తవ్వమంటే తవ్వుతలేదట. పక్కకు జారిపోతోందట. మా క్లాసుల చంద్రకళ అని ఒక పిల్ల ఉంది, రెండ్రోజులు ఆ ఒక్క చోటనే పట్టుకుని కూర్చుంది."

"పెంకుల పాఠం కదా. పెంకితనం అంటుకుంది."

"ముందు వినండి. జారిపోయే ముందు ఆ చెయ్యి నేలను రెండుసార్లు మెత్తగా తడుతోందట. 'మట్టిని జోకొడుతోంది టీచర్' అన్నది ఆ పిల్ల. నేనూ చూసిన. మీరేమో జోకులు కొడుతరు, మీ చెయ్యేమో జోకొడుతోంది. సోమవారం లోపల చూసుకోండి."

శంభులింగం గట్టిగా నవ్వాడు. "పొరలున్నచోట పొరపాట్లు ఉండవా?" అని చెయ్యి కడుక్కున్నాడు.

నస్రీన్‌కు చెబితే ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఏడో ఇల్లు తెరిచింది. పొయ్యి పక్కన మౌసు పెట్టి లాగింది. తెర మీద చెయ్యి వచ్చింది, ఆగింది, అరచేతితో రెండుసార్లు తట్టింది, ఎడమకు తిరిగిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ అంతే. సాయంత్రానికల్లా పదిహేడు ఇళ్లూ వెతికి, ఆ చెయ్యి అలా తిరిగిపోయే చోట్లన్నిటికీ పటం మీద ఎర్రచుక్కలు పెట్టింది. ఇరవై మూడు చుక్కలు. ప్రతి చుక్కా ఏదో ఒక పొయ్యి పక్కనే ఉంది.

"కోడ్‌లో తప్పేనా?" అన్నాడు శంభులింగం, టీ గ్లాసుతో వచ్చి.

"కాదు సార్. చేతొడుగుల అసలు రికార్డు చూసిన. కాకా రెండు సీజన్లల్ల ఆరు పొయ్యిల దగ్గర ఇదే చేసిండు. తాపీ పిడితో కొడతడు, బోలు సప్పుడొస్తది, తాపీ కింద పెడతడు, అరచేతితో రెండుసార్లు తడతడు, పక్కకు పోతడు. పాత ఇండ్లల్ల నేలలు ఇప్పటికీ అట్లనే ఉన్నయి కదా. వాటి రాడారు లెక్క ఇస్తే చెయ్యి అక్కడ కూడా అదే చేస్తోంది. నేర్చుకున్నదే చేస్తోంది."

ఆమె రాడారు చిత్రాన్ని పటం మీద పరిచింది. ప్రతి ఎర్రచుక్క కింద, మూరెడు లోతున, గుమ్మడికాయంత గుండ్రటి నీడ ఒకటి ఉంది. రాడారు వాటిని ఏనాడో చూపించింది. అందరూ వాటిని రాళ్లనుకున్నారు. కింద ఏం లేదని ఎల్లమంద చెప్పిన చోట ఇంకేముంటుంది, రాళ్లే.

శంభులింగానికి అలాంటి నీడల కొలతలు కంఠతా వచ్చు. వేరే ఊళ్లలో దొరికిన కుండల మీద ఆయన ఒక అధ్యాయమే రాశాడు, కంచరకుంటలో అవి లేవని చూపించడానికి. గ్లాసు బల్ల మీద పెట్టాడు. తెర మీది నీడలను ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. 

"ఒక పని చేయొచ్చు సార్" అంది ఆమె చివరికి. "ఆ రెండు దెబ్బలూ తీసేసి చెయ్యిని సాపు చేస్తా. నిమిషం పని. పిల్లలు లాగితే మామూలు మట్టి వస్తది, కింద రాయి కనపడతది. ఎవరికీ తెలియదు."

"నువ్వైతే ఏం చేస్తవు?"

"నేను పేజీలు చేస్తా సార్. పుస్తకం మీది."

శుక్రవారం శంభులింగం ఒక్కడే కారులో కంచరకుంటకు బయల్దేరాడు. దారి పొడవునా లెక్క వేసుకున్నాడు. సాపు చేస్తే పుస్తకం నిలుస్తుంది, పాఠం నిలుస్తుంది, నేల కింద ఉన్నవి నేల కిందే ఉంటాయి. నిజం చెబితే రుజువు చూపమంటారు. రుజువు కావాలంటే తవ్వాలి. తవ్వితే ఇరవై మూడూ పైకొస్తాయి. అప్పుడు దాని మీద ఇంకో పుస్తకం రాసుకోవచ్చు, మొదటిదానికంటే పెద్దది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకు కొంచెం సిగ్గేసింది, కొంచెమే. ఊరి మొగదల బోర్డు దాటుతూ అటు చూడలేదు.

ఎల్లమంద వాకిట్లో కూర్చుని మట్టి జల్లెడకు తెగిన తీగ బిగిస్తున్నాడు. శంభులింగం నులకమంచం మీద కూర్చున్నాడు. మోకాళ్ల సంగతి అడిగాడు, వాన సంగతి మాట్లాడాడు, ఆ రెండూ అయిపోయాయి.

"ఎల్లమందా, ఏడో ఇంట్ల పొయ్యి పక్కన ఏమున్నది?"

"ఏ ఏడో ఇల్లు సార్?"

"కింద ఏం లేదన్నవు చూడు, ఆ ఇల్లు."

"పదిహేడు ఇండ్లల్ల గదే అన్న గద."

"అందుకే అడుగుతున్న."

ఎల్లమంద తీగ చివర పంటితో తెంపాడు. జల్లెడను గోడకు ఆనించాడు. "ఉన్నరు సార్" అన్నాడు. ఉన్నయి అనలేదు.

"నాకు అబద్ధం చెప్పినవు."

"మీరు కొయ్యాల్నా వద్దా అని అడిగిన్రు. వద్దన్న. కింద ఏం లేదని ఒక మాట ఎక్కువన్న, గంతే."

"ఎందుకు?"

ఎల్లమంద జల్లెడ వైపు చూస్తూ చెప్పుకొచ్చాడు. శంభులింగం దగ్గర చేరడానికి ముందటి ఏడాది అవతలి జిల్లాలో ఒక గడ్డ మీద కూలికి పోయాడు. అక్కడ అలాంటి కుండ ఒకటి బయటపెట్టింది తనే. లోపల చీపురుపుల్లలంత ఎముకలు. వాటి మీద సిరాతో అంకెలు వేశారు. అట్టపెట్టెలో పెట్టారు. ఆ పెట్టెను తనే లారీ ఎక్కించాడు. ఆ నెలలోనే తన ఇంట్లో కాన్పయింది. పిల్ల పుట్టగానే పోయింది. వాళ్ల ఇళ్లల్లో అంత పసిబిడ్డలను కాల్చరు; ఇంటి వెనక పాతిపెడతారు.

"గోడ అవతల్నే ఉంది సార్" అన్నాడు ఎల్లమంద. "మీ కాడికొచ్చిన తొల్త ఏడు, పొయ్యి పక్కన కొడితే బోలు సప్పుడొచ్చె. సెయ్యి పోలే. రెండోసారి గూడ పోలే. ఇగ మూడోసారి కాన్నించి నేను సెప్పేదేముంది, అదే పక్కకు తిరుగుతుండె."

"దాని మీద నేను పుస్తకం రాసిన ఎల్లమందా."

"నాకేం ఎరుక సార్. దొరికినదాని మీద రాస్తరనుకున్న. దొరకనిదాని మీద గూడ రాస్తరా?"

 ఎవరైనా అలాంటి మాట విసిరితే పది మాటలు తిరగ్గొట్టే శంభులింగం మంచం నులకను వేలితో లాగుతూ కూర్చున్నాడు. తర్వాత ఇరవై మూడు చుక్కల సంగతీ, నస్రీన్ అన్న మాటా చెప్పాడు. ఆ రెండు దెబ్బలూ తీసేస్తే సరిపోతుంది, నిమిషం పని, ఎవరికీ తెలియదు.

"తీసెయ్యిన్రి సార్" అన్నాడు ఎల్లమంద. అతని భుజాలు దిగాయి. "అందరికి మంచిది. మీకు మంచిది, ఆళ్లకు మంచిది."

ఎల్లమంద భార్య సైదమ్మ గడపలో నిలబడి ఉంది. చేతిలో రెండు టీ గ్లాసులు. ఎప్పణ్నుంచి నిలబడిందో వాళ్లిద్దరూ చూడలేదు. టీ చల్లారి మీగడ కట్టింది.

"తీసేస్తే ఆ బోర్డు ఉంటదా సారూ?" అంది.

"ఉంటదమ్మా. బోర్డుకేమైతది?"

"అయితే తియ్యకున్రి."

"నువ్వూకో" అన్నాడు ఎల్లమంద.

"ముప్పై ఏండ్లు ఊకున్న. ఈ ముచ్చట నాకిప్పుడెరుక. ఏనాడు సెప్పలే ఈయన." గ్లాసులు అరుగు మీద పెట్టింది. "సారూ, కలుపుకు పోతే ఆ బోర్డు కాన్నించే పోవాలె. సంతకు పోతే ఆ బోర్డు కాన్నించే రావాలె. సదువు రాకున్నా అందరు సదివి సెప్పిన్రు. ఈ ఊర్ల ఆ కాలంల ఒక్క పిల్ల గూడ సావలేదంట. అడివి మనుషులు, దవఖాన లేదు, సూది లేదు, ఆళ్ల పిల్లలంత బతికిన్రు. నేను సూదులేయించుకున్న, మందులు మింగిన, నా పిల్లే సచ్చింది. నాలనే ఏదో లోపముందనుకున్న. మా అత్త గూడ గదే అన్నది, సచ్చేదాంక అన్నది. ఇప్పుడేమంటున్రు మీరు? ఆ పొయ్యిల కాడ ఇరవై మూడు మంది తల్లులున్నరంటున్రు."

 పక్కింటి రేడియోలో పత్తి ధర చెబుతున్నారు.

"సెప్పున్రి సారూ" అంది సైదమ్మ. "ఉన్నరని సెప్పున్రి."

"సెప్తే తవ్వుతరే" అన్నాడు ఎల్లమంద.

"తవ్వనీ."

ఎల్లమంద లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ ఇంటి వెనక్కి వెళ్లిపోయాడు. శంభులింగం చల్లారిన టీ తాగి వచ్చేశాడు.

అయిదో అధ్యాయాన్ని శని, ఆదివారాలు కూర్చుని ఆయనే తిరగరాశాడు. నస్రీన్ చెయ్యిని ముట్టుకోలేదు. సోమవారం విద్యాశాఖ పెద్దల ముందు తెర వెలిగింది. అధ్యాయం పేరు లేదు. ఎర్రచుక్కలు ఇరవై మూడు ఉన్నాయి. పిల్ల ఎవరైనా వాటిలో ఒకదాన్ని లాగితే చెయ్యి వచ్చి, తట్టి, తిరిగిపోతుంది. కింద నాలుగు వాక్యాలు కనిపిస్తాయి: 'ఇక్కడ పసిపిల్లలను పాతిపెట్టి ఉంటారు. తవ్వకాల మేస్త్రీకి అది తెలుసు, అతను తవ్వలేదు. ప్రొఫెసరు అడగాల్సింది అడగకుండా, పిల్లలు లేరని పుస్తకం రాశాడు. ఆ పుస్తకం తప్పు.' పెద్దల్లో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఇది హాస్యమా అని పక్కవాణ్ని అడిగాడు. శంభులింగం పేరు అలాంటిది మరి.

హాస్యం కాదని తేలడానికి వారం పట్టింది. తర్వాత మిగతావన్నీ త్వరత్వరగా జరిగాయి. పాఠంలో పేరా తీసేశారు. బోర్డు మీద తెల్లరంగు పూశారు. టీకాల బొమ్మ మాత్రం మిగిలింది. పొరుగు విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు సభలో లేచి, "శంభులింగం గారు ఇరవై మూడు మంది పిల్లల్ని ముప్పై ఏళ్లు బతికించారు. ఏ వైద్యుడి వల్లా కాని పని" అన్నాడు. హాలంతా నవ్వింది. శంభులింగం కూడా నవ్వాడు, మాట బాగుందని. ఇంటికి వచ్చాక అన్నం తినలేదు.

చంద్రకళ బడిలో ఒక్కటే అడిగిందట. "మరి అన్నేండ్లు ఎందుకు లేరనుకున్నరు టీచర్?" అని. "అడగలేదు గనక" అని ఇందుమతి చెప్పిందట. ఆ మాట భర్తకు చెప్పేటప్పుడు ఆమె ఆయన ముఖం వైపు చూడలేదు, కూర తరుగుతూ చెప్పింది.

విచారణకు వేసిన సంఘం ఇరవై మూడూ తవ్వమంది. శంభులింగం ఒక్కటే తవ్వుతానన్నాడు. తవ్వడమంటే చదివిన పేజీని చదివినట్టే కాల్చెయ్యడం. ఒక పేజీతో రుజువు దొరికితే మిగతావి రేపటివాళ్లకు వదలాలి, వాళ్లకు నేల చీల్చకుండానే చూసే పరికరాలు వస్తాయి, అన్నాడు. మూడు సమావేశాలు వాదించాడు. గొంతు పనికొచ్చింది. చివరికి ఒక్కటే ఖాయమైంది, ఏడో ఇంటిది. ఎల్లమంద మాత్రం ఆ ఒక్కదానికీ ఒప్పుకోలేదు. ఫోను ఎత్తడం మానేశాడు.

తవ్వకం ఫిబ్రవరిలో ఒక పొద్దున మొదలైంది. ఎల్లమంద లేకపోతే ఆ నేలను కొయ్యగలిగిన మనిషి దగ్గర్లో లేడు. శంభులింగమే లుంగీ బిగించి గుంతలోకి దిగాడు. ముప్పై ఒక్క ఏళ్లలో తాపీ తన చేత్తో పట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి. పిడి ఎలా పట్టుకోవాలో నస్రీన్ చూపించాల్సి వచ్చింది; ఆమె ఆ చెయ్యిని తెర మీద లక్షసార్లు చూసింది. ఆయన మట్టిని చెంచాడు చెంచాడు తీశాడు. రెండు చోట్ల గీత వంకర పోయింది. చెమట కళ్లల్లోకి దిగింది. ఎల్లమంద పొద్దుటినుంచీ డొంక అవతల తుమ్మచెట్టు కింద, గడ్డకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. వెళ్లిపోనూ లేదు, ఇటు తిరగనూ లేదు. సైదమ్మ గుంత అంచున కొంగు నెత్తిన వేసుకుని కూర్చుంది. ఆమెను ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు.

పది గంటలకు కుండ మూత బయటపడింది. పదకొండున్నరకు మూత కదిలింది. శంభులింగం దాన్ని రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టాడు. లోపల మట్టి సగానికి దిగిపోయి ఉంది. పైన సన్నటి ఎముకలు, ముడుచుకుని పడుకున్న వరసలోనే ఉన్నాయి. మెడ ఉండాల్సిన చోట నాలుగు గవ్వపూసలు.

తెలిసిందే కళ్లారా చూశాడు. ఈ సాక్ష్యంతో తన పుస్తకానికి ఇక ఏ తలుపూ మిగలలేదు. దాని గురించి బాధపడటానికి అది సమయం కాదనిపించింది, వాయిదా వేశాడు.

"సూడొచ్చా సారూ?" అంది సైదమ్మ.

"చూడమ్మా."

"ఆడపిల్లనా, మొగపిలగాడా?"

"ఇంత చిన్న ఎముకల్ల తెల్వదమ్మా."

ఆమె తల ఊపింది. "మా దాన్ని నాకు సూపియ్యలే. ఆడపిల్ల అన్నరు, గంతే. సూస్తే మల్ల కడుపు నిలువదన్నరు. గుడ్డల సుట్టి తీస్కపోయిన్రు. సూడకున్నా నిలువలే."

శంభులింగం గుంతలోంచి పైకెక్కి, ఆమెకు చెయ్యి అందించాడు. సైదమ్మ దిగి, కుండ పక్కన మట్టిలో కూర్చుంది. ముట్టుకోలేదు. వంగి చూసింది. నస్రీన్ వెనక్కి తప్పుకుంది.

డొంక వైపు నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. ఎల్లమంద గుంత అంచు దాకా వచ్చి ఆగాడు. కింద ఉన్న భార్య వీపు మాత్రమే చూస్తున్నాడు.

"దా" అంది సైదమ్మ వెనక్కి తిరగకుండానే. "ఏం గాదు. దా."

అతని మోకాళ్లు దిగనివ్వలేదు. శంభులింగం భుజం ఇచ్చాడు. ఆ భుజం మీద బరువంతా వేసి ఎల్లమంద ఒక్కో మెట్టూ దిగాడు.  దిగాక భుజం వదిలేశాడు. కుండకు అటువైపు, భార్యకు ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరి నీడలూ కుండ మీద పడ్డాయి.

శాఖ ఫొటోగ్రాఫరు స్టాండు బిగించి ఎదురుచూస్తున్నాడు. శంభులింగం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "సార్, నీడ పడుతోంది. ఫొటోకు వాళ్లను లేవమంటారా?" అన్నాడు.

"వద్దు" అన్నాడు శంభులింగం. "ఎండ నెత్తి మీదికి రానీ. నీడలు వాటంతటవే పోతాయి."

ఆయన అవతలి గట్టు మీదికి వెళ్లి, గొడుగు తెరవకుండా కూర్చున్నాడు.